వెండి ఆపిల్ పండ్లు

1967లో న్యూయార్క్‌లో ఒక రాక్ బృందం విచ్ఛిన్నమైంది. వేదికపై పాతకాలపు ఆసిలేటర్ యంత్రాన్ని మోగిస్తానని గాయకుడు సిమియన్ కాక్స్ పట్టుబట్టడమే అందుకు కారణం. గిటారు వాద్యకారులు ఒక్కొక్కరే నిష్క్రమించారు. చివరకు అతడికి తోడుగా డ్రమ్మర్ డానీ టేలర్ ఒక్కడే మిగిలాడు.

యేట్స్ కవితలోని ఒక మాటను గ్రహించి వారు తమ జంటకు ‘సిల్వర్ ఆపిల్స్’ అని నామకరణం చేశారు. సిమియన్ అనేక ఆసిలేటర్లను ఒకచోట బిగించి, టెలిగ్రాఫు మీటలను చేతులతో, మోచేతులతో, పాదాలతో నొక్కుతూ వాటిని పలికించేవాడు.

తొలి రికార్డు 1968లో వెలువడింది. మరుసటి సంవత్సరం వచ్చిన ‘కాంటాక్ట్’ వారి కొంప ముంచింది. దాని అట్టపై ఒకవైపు పాన్‌యామ్ విమానంలో ఆసీనులైన మిత్రులు. రెండవవైపు కూలిన విమాన శిథిలాల నడుమ వారే! పాన్‌యామ్ సంస్థ దావా వేసింది. 1970 నాటికి బృందం అంతరించింది. మూడవ రికార్డు వెలుగు చూడనేలేదు.

పాతికేళ్లు గడిచాయి. జర్మనీలో ఎవరో అనుమతి లేకుండానే ఆ పాత రికార్డులను తిరిగి విడుదల చేశారు. హక్కుదారులకు పైకం ముట్టలేదు. కాని వారి సంగీతానికి పునర్జన్మ లభించింది. 1996లో సిమియన్ మళ్లీ వేదిక ఎక్కాడు. ఆచూకీ లేని టేలర్ కూడా అనంతరం దొరికాడు. అతడు దాచి ఉంచిన టేపుల ఆధారంగా మూడవ రికార్డు 1998లో వెలువడింది.

ఆ ఏడాదే రోడ్డు ప్రమాదంలో సిమియన్ మెడ విరిగింది. అతడు కోలుకున్నాడు గాని, 2005లో టేలర్ కన్నుమూశాడు. మరొక డ్రమ్మర్‌ను వెదకక, మిత్రుని వాద్యధ్వనుల ముద్రణలనే యంత్రంలో మోగిస్తూ సిమియన్ ఒంటరిగా కచేరీలు చేశాడు. 2020లో మరణించేవరకూ ఆ జంట విడిపోలేదనే చెప్పాలి.