పురుగులన్నీ కొందరి కడుపులోనే ఎందుకు?

ప్రశ్న: ఫిబ్రవరి 10న బడిలోనూ అంగన్‌వాడీలోనూ పిల్లలందరికీ ఆల్బెండజోల్ మాత్ర మింగిస్తారు. పురుగులున్న పిల్లలెవరో చూసి వాళ్లకే ఇస్తే పోదా?

అడగాల్సిన ప్రశ్నే. లెక్క తెలిసినవాళ్లు కూడా దీనిమీద చాలాకాలం తర్జనభర్జన పడ్డారు.

ముందు ఒక సంగతి. ఆడ ఏలికపాము రోజుకు రెండు లక్షల దాకా గుడ్లు పెడుతుంది. అవి కడుపులోనే పిల్లలు కావు. మలంతో బయటపడి, మట్టిలో కొన్ని వారాలుండి, ఆపైన ఎవరి నోట్లోకైనా చేరాలి. కాబట్టి ఒకరి కడుపులో ముప్పై పురుగులుంటే ముప్పై గుడ్లు విడివిడిగా మింగినట్టే. వైరస్ అలా కాదు, లోపలికొచ్చి తానే పెరుగుతుంది. అందుకే ఇక్కడ ‘ఉన్నాయా?’ అని అడిగితే చాలదు, ‘ఎన్ని?’ అని అడగాలి.

ఆ ‘ఎన్ని’ని మన పక్కనే లెక్కపెట్టారు. 1980లలో పులికాట్ సరస్సు ప్రాంతంలో, తమిళనాడు వైపున్న వైరవన్‌కుప్పం అనే జాలరి పల్లెలో ఎల్కిన్స్, హాస్వెల్-ఎల్కిన్స్, ఆండర్సన్ అనే పరిశోధకులు ఊరివాళ్లకు మందిచ్చి, పడిపోయిన ఏలికపాముల్ని మనిషివారీగా లెక్కించారు. రోత పనే, కానీ ఇంతకంటే నికరమైన దారి లేదు. చాలామందిలో కొద్దిపాటి పురుగులు, కొందరిలో కుప్పలుగా. మళ్లీ సోకినప్పుడు కూడా మునుపు ఎక్కువున్నవాళ్లకే ఎక్కువ చేరే మొగ్గు కనిపించింది.

ఇది యాదృచ్ఛికం కాదని ఎలా తెలుస్తుంది? వందమందికి 500 పురుగులు అనుకుందాం. కళ్లు మూసుకుని విస్తళ్లలో గింజలు చల్లినట్టు పంచితే, అంటే పాయిజాన్ విభాజనంలో, పురుగు లేనివాళ్లు సగటున ఒక్కరు కూడా మిగలరు. పదిహేను దాటినవాళ్లూ దాదాపుగా ఉండరు. నిజమైన ఊళ్ల లెక్క అలా రాదు కాబట్టి గణాంకవేత్తలు నెగటివ్ బైనామియల్ విభాజనం వాడతారు. అందులో ‘కే’ అనే సంఖ్య ఎంత చిన్నదైతే పురుగులు అంత గుమిగూడినట్టు. ‘కే’ 0.5 అయితే అవే 500 పురుగులకు ముప్పైమంది ఖాళీ, ఇరవైమందిలోనే దాదాపు మూడింట రెండు వంతులు.

గుమిగూడడానికి కారణాలు కలగలిసి ఉంటాయి. ఆడుకునే చోటు, మరుగుదొడ్డి, మట్టి నోట్లో పెట్టుకునే అలవాటు, ఒంటి నిరోధకశక్తి. నేపాల్‌లోని జిరెల్ జనంలో జరిగిన పరిశోధన వంశపారంపర్యం పాత్రా ఉందని తేల్చింది.

మరి ఆ ఇరవైమందినే పట్టుకోవచ్చుగా? పట్టుకోవాలంటే వందమంది మలమూ చూడాలి. కాటో-కాట్జ్ పద్ధతిలో 41.7 మిల్లీగ్రాముల మలాన్ని గాజుపలకమీద పరిచి, మైక్రోస్కోపు కింద గుడ్లు లెక్కించి 24తో హెచ్చిస్తే గ్రాముకెన్నో వస్తుంది. పైగా పురుగులు పెరిగేకొద్దీ ఒక్కో ఆడపురుగు పెట్టే గుడ్లు తగ్గుతాయి, కనుక గుడ్లనుబట్టి పురుగుల లెక్క సూటిగా రాదు. ఇంత శ్రమకన్నా మాత్రే చవక, క్షేమం కూడా. అందుకే అందరికీ.

ఫలితాన్ని కొలిచేటప్పుడు మాత్రం జాగ్రత్త. సగటున 20 పురుగులున్న ఊళ్లో మందుతో అవి 5కు పడిపోయాయనుకోండి. ‘కే’ 0.5 నుంచి మారకపోతే పురుగులున్నవారి శాతం 84 నుంచి 70కే దిగుతుంది. నాలుగింట మూడు వంతులు పోయినా, శాతమొక్కటే చూసేవారికి మందు పనిచేయనట్టే ఉంటుంది. అయినా ఏటా ఎన్ని విడతలివ్వాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ శాతాన్నిబట్టే చెబుతుంది: 20 దాటితే ఒకసారి, 50 దాటితే రెండుసార్లు. శాతం లెక్కించడం తేలిక మరి.

ఇంకో చిక్కు కొంకిపురుగుది. ఏలికపాములు పిల్లల్లో ఎక్కువైతే, ఇది పెద్దవాళ్లలో ఎక్కువ. మన దేశంలో ఈ మాత్ర ప్రధానంగా 1 నుంచి 19 ఏళ్లవారికి. పెద్దల కడుపులోంచి గుడ్లు మట్టిలో పడుతూనే ఉంటాయి. అందుకే తమిళనాడు, బెనిన్, మలావీల్లో డీవార్మ్3 పరిశోధన ఊరంతటికీ, పెద్దాచిన్నా తేడా లేకుండా మాత్రలిచ్చి చూసింది.