‘కాదు’ అనలేని డాక్టరు



2025 మార్చి 4వ తేదీన గాయని కల్పనగారు హైదరాబాదు నిజాంపేటలోని తమ ఇంటిలో స్పృహ తప్పి కనిపించారన్న వార్తను మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. భర్త ఊరిలో లేరు. పోలీసులు వచ్చి ఆమెను ఆసుపత్రికి చేర్చారు. తెల్లవారేసరికి ఎవరికి తోచిన కథ వారు చెప్పుకున్నారు. తరువాత ఆమె స్వయంగా చెప్పిన సంగతి వేరు. నిద్ర పట్టని బాధకు డాక్టరు రాసిన మాత్రలు వాడుతున్నారు, ఒత్తిడిలో మోతాదు మించిపోయింది, అంతే. ప్రాణాలతో బయటపడ్డారు, దేవునికి స్తోత్రము. చెప్పవలసినది ఆమే చెప్పారు గనుక ఆ ఇంటి సంగతి మనము అంతటితో విడిచిపెడదాము. ఆమెకు మందు రాసిన డాక్టరుగారిని తప్పుపట్టడము కూడా ఇక్కడ నా ఉద్దేశము కాదు.

అయితే ఒక ప్రశ్న మాత్రము నిలిచే ఉన్నది. దొంగచాటుగా కొన్న మత్తు కాదు, డాక్టరు సంతకము చేసిన చీటీ మీద వచ్చిన మందే ప్రాణము మీదికి వచ్చినప్పుడు, పైగా రోగి పేరు ప్రతిష్ఠలున్న మనిషి అయినప్పుడు, ఆ రాసిన చేతికి ఎంత బాధ్యత ఉన్నది?

నిజాంపేట నుండి హైటెక్ సిటీ ఎంతో దూరము కాదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాడు చుట్టూ బండరాళ్ళు, తుప్పలు. నేడు మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ అంతా అద్దాల మేడలు. వాటి నడుమ నక్షత్ర హోటళ్ళవంటి ఆసుపత్రులు. సినిమావారుండే జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ ఆ పక్కనే. ఒక ఇంటిలో అర్ధరాత్రి షూటింగు ముగించుకొని వచ్చినవారు, మరొక ఇంటిలో అమెరికా వేళలకు పనిచేసి వచ్చినవారు, ఇద్దరికీ నిద్ర రాదు. ఇద్దరూ అడిగేది ఒకే మాత్ర. తేడా ఏమిటంటే, ఒకరు డాక్టరు గది బయట టోకెను పట్టుకొని కూర్చుంటారు, మరొకరి ఇంటికి డాక్టరే వెళతాడు.

గొప్పవారికి మంచి వైద్యము అందుతుందని మనము అనుకుంటాము. తరచుగా జరిగేది దానికి విరుద్ధము. 1964లోనే వాల్టర్ వైన్‌ట్రాబ్ అనే మానసిక వైద్యుడు దీనిని గమనించి ‘విఐపి సిండ్రోమ్’ అని పేరు పెట్టాడు. ప్రముఖుడు వచ్చేసరికి మామూలు పద్ధతులన్నీ సడలిపోతాయి. అడగవలసిన ప్రశ్న మొగమాటము చేత అడగరు, చేయవలసిన పరీక్ష వాయిదా వేస్తారు, రోగి కోరిన మందు రాసేస్తారు. మేనేజరు ఫోను చేస్తే చాలు, మనిషిని చూడకుండానే చీటీ వెళుతుంది.

సైన్యాధిపతియైన నయమాను సంగతి మీకు తెలిసినదే. గుఱ్ఱములతో, రథముతో వచ్చి గుమ్మము ముందు నిలిచిన అంతటి మనిషి కోసము ఎలీషా బయటికి కూడా రాలేదు. ఎవరికైనా చెప్పే మాటే సేవకుని చేత చెప్పి పంపాడు. నయమానుకు కోపము వచ్చింది గాని స్వస్థత కూడా వచ్చింది. తెచ్చిన కానుకను ఎలీషా ముట్టలేదు. దాని వెంట పరుగెత్తినవాడు గేహజీ.

గేహజీ వలె పరుగెత్తిన డాక్టర్లు మన కాలములోనూ ఉన్నారు. అమెరికాలో మైకేల్ జాక్సన్ అనే పాటగాడు 2009 జూన్ 25న చనిపోయాడు. అతని సొంత డాక్టరు కాన్రాడ్ మర్రే గుండె వైద్యుడు. నెలకు లక్షా యాభై వేల డాలర్ల జీతము మాట్లాడుకొని, ఆపరేషను గదిలో మత్తు డాక్టరు దగ్గరుండి ఇవ్వవలసిన ప్రోపోఫాల్ అనే ఇంజెక్షనును పడకగదిలో నిద్ర కోసము ఇచ్చాడు. శ్వాసను కనిపెట్టే సరియైన పరికరాలు లేవు. 2011 నవంబరులో న్యాయస్థానము అతనిని దోషిగా తేల్చి నాలుగేళ్ళ శిక్ష వేసింది. రోగి బతిమాలి అడిగాడన్న వాదన అతనిని కాపాడలేదు.

అంతకు ముందు ఎల్విస్ ప్రెస్లీ. అతడు 1977 ఆగస్టు 16న 42 ఏళ్ళకే కన్నుమూశాడు. ఆ ఒక్క సంవత్సరములోనే, అనగా ఎనిమిది నెలలైనా నిండకుండా, డాక్టరు జార్జ్ నికోపౌలోస్ అతని పేర పదివేలకు పైగా మోతాదులు రాశాడని విచారణలో బయటపడింది. ఆయన చెప్పుకున్న సమాధానము ఆలోచించదగినది: నేను రాయకపోతే ఇంకొకరి దగ్గరకు పోతాడు, నా చేతిలో ఉంటే కొంతైనా అదుపులో పెట్టవచ్చు. 1981లో జ్యూరీ ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టింది. 1995లో మాత్రము టెనెసీ రాష్ట్ర వైద్య మండలి ఆయన లైసెన్సును శాశ్వతముగా రద్దు చేసింది. ‘నేను కాకపోతే ఇంకొకడు’ అనే మాట మన కల్లు దుకాణాలలోనూ వినిపిస్తుంది. దుకాణదారుడు అంటే వ్యాపారమని సరిపెట్టుకుంటాము. వైద్యుడు అంటే ఎలా సరిపెట్టుకోగలము?

ఇంకొక పాడు అలవాటు, ఒకరి మందు వేరొకరి పేర రాయడము. ప్రిన్స్ అనే గాయకుడు 2016లో మరణించిన తరువాత, అతని డాక్టరు ఒక నొప్పిమందును అతని మిత్రుని పేర రాశాడని ప్రభుత్వము ఆరోపించింది. గోప్యత కోసమట! డాక్టరు తప్పు ఒప్పుకోకుండానే 30,000 డాలర్లు చెల్లించి ఆ వ్యవహారాన్ని ముగించుకున్నాడు. ప్రాణము తీసిన మందు అది కాదు, నకిలీ మాత్రలలోని ఫెంటానిల్. అయినా పేరు మార్చి రాసిన చీటీ వల్ల అసలు రోగి ఎంత మింగుతున్నాడో తరువాత చూసే ఏ డాక్టరుకూ తెలియదు.

చివరిది ఇటీవలిది. నటుడు మాథ్యూ పెర్రీ 2023 అక్టోబరులో కెటమిన్ అనే మత్తుమందు వల్ల మరణించాడు. సాల్వడోర్ ప్లాసెన్సియా అనే డాక్టరు అతనికి ఆ మందు అమ్మి, ఇంజెక్షను ఎలా పొడవాలో ఇంటి సహాయకునికి నేర్పి, సీసాలు వదిలి వచ్చాడు. చంపిన మోతాదు ఈయన ఇచ్చినది కాదు. అయినా 2025 డిసెంబరులో 30 నెలల జైలు శిక్ష పడింది.

మన దేశములో చట్టము లేదా అంటే, ఉన్నది. 2014 మార్చి నుండి అమలులో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారము అల్ప్రాజోలం, జోల్పిడెమ్ వంటి నిద్రమాత్రలు, ట్రమడాల్ వంటి నొప్పిమందులు అమ్మినప్పుడు మెడికల్ షాపువాడు డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చాడో ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. మళ్ళీ మళ్ళీ ఇవ్వవచ్చునని డాక్టరు రాస్తే తప్ప, ఒక చీటీ మీద ఒక్కసారే మందు ఇవ్వాలి. 2020లో వచ్చిన టెలిమెడిసిన్ నియమాలు షెడ్యూల్ ఎక్స్ మందులను, ఎన్‌డిపిఎస్ చట్టము కిందికి వచ్చే మత్తు పదార్థాలను ఫోనులో చూసి రాయకూడదని అంటాయి. డాక్టరు నిర్లక్ష్యము వల్ల ప్రాణము పోతే కొత్త న్యాయ సంహిత 106వ సెక్షను కింద రెండేళ్ళ వరకు జైలు పడవచ్చు. అయితే 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, మామూలు పొరపాటుకు కాదు, ఘోరమైన నిర్లక్ష్యానికే క్రిమినల్ కేసు పెట్టాలని చెప్పింది. అది న్యాయమే. ప్రతి చీటీకీ జైలు భయముంటే, నిజముగా నొప్పితో అల్లాడే క్యాన్సరు రోగికి మందు రాసేవాడుండడు.

ఇదంతా పట్నపు గొప్పవారి గొడవ అనుకుంటున్నారా? 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందులో కలిపినది ఈ అల్ప్రాజోలమే. తెలంగాణ పల్లెలలో కల్తీ కల్లు ఆగిన రోజులలో చేతులు వణికి, పిచ్చి చూపులు చూస్తూ ఆసుపత్రులకు వచ్చినవారిని మనలో కొందరు ఎరుగుదురు. అలవాటైన ఆ మందును ఒక్కసారిగా ఆపితే ఫిట్సు వస్తాయి. దానికి మద్యము తోడైతే ఊపిరి మందగించి ఆగిపోవచ్చు. జోల్పిడెమ్‌కైతే ఇంకొక గుణము ఉన్నది. వేసుకున్న సంగతే మరపుకు వచ్చి, మళ్ళీ వేసుకునేవారున్నారు. అందువల్లనే నెలకు సరిపడా మాత్రలు ఒకేసారి చేతిలో పెట్టడము, అడిగినవాడు ఎంతటివాడైనా సరే, మంచి వైద్యము కాదు.

మా సంఘములో ఒక కుటుంబము ఉన్నది. కుమారుడు మాదాపూర్‌లో రాత్రి ఉద్యోగము చేస్తాడు. ఆ ఊరికి అతడే ప్రముఖుడు. పండుగకు వస్తే ఆర్.ఎం.పి. డాక్టరు సైతము లేచి నిలబడతాడు. మొన్నటి క్రిస్మసుకు వచ్చినప్పుడు తల్లి సంచిలో మాత్రల అట్టలు చూసింది.

“ఏమయ్యా, ఇవన్నీ ఎందుకు?”

“నిద్రకమ్మా. డాక్టరే రాశాడు.”

“ఎప్పుడు రాశాడు?”

చీటీ తీసి చూస్తే రెండేళ్ళ నాటిది. ఆ ఒక్క కాగితము మీదనే నెల నెలా మందు వస్తున్నది. ఆ షాపులో అడిగినవాడు లేడు. ఊరిలో ఆర్.ఎం.పి. కూడా, “సార్‌కు తెలియదా” అని ఇంకొక అట్ట ఇచ్చాడు. తల్లి చదువుకోలేదు గాని గట్టి మనిషి. పండుగ వెళ్ళిన నాలుగవ రోజున కుమారునితోపాటు బస్సెక్కి జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుని దగ్గర కూర్చుంది. ఆ డాక్టరుగారు అతని ఉద్యోగము, జీతము అడగలేదట. రోజుకు ఎన్ని, ఎన్నాళ్ళుగా, మద్యము ఉన్నదా, ఇంటిలో ఎవరుంటారు అని అడిగారట. ఒక్కసారిగా ఆపవద్దన్నారు. మోతాదు కొద్దికొద్దిగా తగ్గించే లెక్క కాగితము మీద వేసి, ఏడు రోజులకు సరిపడా మాత్రలే రాసి, “ఎనిమిదవ రోజు మీరిద్దరూ రండి” అని ఆ చీటీని తల్లి చేతికిచ్చారు.