వృద్ధుల మతిమరపు వ్యాధి: పాటతో పరిచర్య

వయసు మీరినవారు కళ్లజోడు ఎక్కడ పెట్టిరో మరచుట వింత కాదు. కాని కన్నకూతురిని చూచి "నీవెవరవమ్మా?" అని యడుగుట, స్వగృహముననే కూర్చుండి సాయంకాలము కాగానే "మా యింటికి పోయెదను" అని బయలుదేరుట, భోజనము చేసిన వెంటనే తమకెవ్వరును అన్నము పెట్టలేదని కోపించుట వార్ధక్యమునకు సహజములు కావు. ఇది మెదడునకు సంబంధించిన వ్యాధి. వైద్యులు దీనిని డిమెన్షియా అందురు. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి సుమారు ఏడుగురు, అనగా దాదాపు 88 లక్షలమంది, దీనితో బాధపడుచున్నారని 2023 లో ప్రకటితమైన అంచనా తెలుపుచున్నది. పట్టణములలోకంటె పల్లెలలోనే ఇది హెచ్చుగా నున్నట్లు ఆ అంచనాయే చెప్పుచున్నది.

అయినను అనేక గ్రామములలో దీనిని చాదస్తమనియో, గాలి సోకినదనియో తలచి ఊరకుందురు. పరిచర్య భారమంతయు ఇంటిలో ఒక్కరిపై, తరచుగా భార్యపైననో కోడలిపైననో, పడుచున్నది. ముందుగా రోగిని వైద్యునికి చూపవలెను. థైరాయిడు లోపము, బి-12 విటమిను లోపము వలన కలిగిన మరపు చికిత్సచే తగ్గవచ్చును. ఆల్జైమర్ వ్యాధివంటి వానిని పూర్తిగా మాన్పు మందు నేటికిని లేదు. అట్టి ఇండ్లలో పాట కొంత ఊరటను కలిగింపగలదు.

పాట ఏల నిలుచును?

ఈ వ్యాధిలో సాధారణముగా క్రొత్త సంగతులను పదిలపరచు మెదడు భాగములు ముందు దెబ్బతినును. చిన్ననాటినుండి విని, పాడి, తాళము వేసి నేర్చిన పాటకు ఆధారమైన భాగములు చాలకాలము నిలిచియుండును. మేము చూచిన ఒక ఇంటిలో కోడలు ఇట్లు చెప్పెను: "మా మామగారు నా పేరు మరచినారండి. స్నానమునకు రమ్మనిన కసరుకొందురు. నేను భజన పల్లవి ఎత్తుకొన్నచో చరణము తామే అందుకొని నా వెంట వచ్చెదరు."

ఫిన్లండు దేశమున 89 మంది రోగులతోను వారి పరిచారకులతోను జరిపిన పరిశీలన ఫలితములు 2014 లో వెలువడినవి. కొందరికి 10 వారములపాటు పాడుటయందును, కొందరికి పాటలు వినుటయందును శిక్షణ నిచ్చిరి. ఈ రెండు విధములవలనను రోగుల మనఃస్థితి మెరుగుపడెను. పాడినవారి పరిచారకులకును మేలు కలిగెను. పాట వ్యాధిని మాన్పదు, అందరియందు ఒకే ఫలితము నీయదు. కాని దినచర్యను సులభము చేయగలదు.

ఇంటివారు చేయవలసినవి

1. రోగి పదేండ్లనుండి ముప్పదేండ్ల వయసులో విన్న పాటలను తోబుట్టువుల నడిగి వ్రాసికొనవలెను. ఘంటసాల, సుశీల పాడిన సినిమా పాటలు, హరికథలు, బుర్రకథలు, నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు, చర్చి కీర్తనలు, ఖవ్వాలీలు ఏవైనను కావచ్చును. మనకిష్టమైనవి కాదు, వారికిష్టమైనవి కావలెను.

2. స్నానమునకు, భోజనమునకు ముందును, కలవరము హెచ్చు సాయంసమయమునను పావుగంటయో అరగంటయో చాలును. దినమంతయు మ్రోగించినచో అలసట కలుగును.

3. టెలివిజను ఆపి, ధ్వని మితముగా నుంచవలెను. సెల్‌ఫోనులో పాటల నడుమ వచ్చు ప్రకటనలు రోగిని బెదరించును. కావున పాటలను ముందే మెమరీ కార్డులో ఎక్కించుకొనుట మేలు.

4. కలిసి పాడవలెను. గాత్రము బాగుండనక్కరలేదు. "ఈ పాట యెవరిదో చెప్పుము" అని పరీక్షింపరాదు.

5. ముఖమును గమనింపవలెను. కంటతడి పెట్టినచో చేయి పట్టుకొని కూర్చుండవలెను. కలవరము హెచ్చినచో ఆ పాటను ఆపి, జాబితానుండి తీసివేయవలెను.

పంచాయతీ చేయదగినది

సభ్యులు తమ వార్డులలో ఇట్టి ఇండ్లను గుర్తించి, ఇది వ్యాధియే గాని పిచ్చి కాదని గ్రామసభలో తెలుపవలెను. భజన మండలివారిలో ఒకరు వారమునకొక గంట ఆ ఇంట కూర్చుండి పాడినచో, పరిచర్య చేయు ఇల్లాలికి ఆ గంట విశ్రాంతి దొరకును. అట్టి ఇంటి చెంత రాత్రివేళ మైకులు మ్రోగకుండ చూడవలెను. దారి తప్పువారి జేబులో చిరునామా చీటి ఉంచుమని ఇంటివారికి చెప్పవలెను. వృద్ధులకు సంబంధించిన సలహాకు 14567, మానసిక వ్యథకు 14416 అను ఉచిత టెలిఫోను సంఖ్యలు కలవు. వీనిని పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించుట మంచిది.

ఒకప్పుడు పంచాయతీ రేడియో చుట్టు ఊరంతయు చేరి పాటలు వినెడిది. నాడు అక్కడ కూర్చుండిన బాలురే నేటి వృద్ధులు. వారికి ఆ పాటను మరల వినిపించుటకు పెద్ద వ్యయము అక్కరలేదు. కొంత ఓర్పు, ఇరుగుపొరుగువారి తోడు ఉన్న చాలును.