పిల్లల సైకాలజిస్ట్ అవ్వాలనుందా? ఆదోని, ఎమ్మిగనూరు విద్యార్థులు ముందు ఈ రూల్ చూసుకోవాల్సిందే!

నాలుగో తరగతికి వచ్చినా పిల్లాడు అక్షరాలు కూడబలుక్కోలేకపోతుంటే ఇంట్లో వినిపించే మాట ఒక్కటే.. ‘వీడికి చదువు అబ్బలేదు’. కానీ వాడికి ఉన్నది డిస్లెక్సియా కావొచ్చు. చెవి సరిగా వినపడకపోవచ్చు. లేదంటే అమ్మానాన్నలతో సుగ్గికి పోయి నెలల తరబడి బడి మొహమే చూడకపోయి ఉండొచ్చు. వీటిలో అసలు కారణం ఏంటో తేల్చేందుకు సాయపడేవాళ్లే క్లినికల్ సైకాలజిస్టులు.

చాలామంది వీళ్లను సైకియాట్రిస్టులతో కలిపేస్తుంటారు. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్, ఆపై ఎండీ చేసిన డాక్టర్. మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు. పరీక్షలు చేస్తారు, మాటలతో, ఆటలతో చికిత్స చేస్తారు. అందుకే ఇంటర్‌లో బైపీసీ లేదని ఆశ వదులుకోనక్కర్లేదు. ఆర్ట్స్ గ్రూపు వాళ్లకూ దారి ఉంది.

భాషే సగం పరీక్ష

పిల్లల తెలివితేటల్ని కొలవడానికి బినే-కామత్, మాలిన్ పరీక్షలు వాడతారు. రోజువారీ పనులు ఎంతవరకు చేసుకుంటున్నారో చూడటానికి వైన్‌ల్యాండ్ స్కేల్, ఆటిజానికి మన దేశంలోనే తయారైన ఐఎస్‌ఏఏ స్కేల్ ఉన్నాయి. పరికరాలు ఏ ఊళ్లోనైనా అవే. చిక్కంతా పిల్లల దగ్గరే.

కర్నాటక సరిహద్దున ఉన్న ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలో కన్నడ మాట్లాడతారు. కొన్ని వీధుల్లో ఉర్దూ. బడిలో తెలుగు, ఇప్పుడు ఇంగ్లిష్ మీడియం కూడా. ఇంట్లో కన్నడ మాట్లాడే పిల్లాడికి పుస్తకాల తెలుగులో ప్రశ్నలడిగితే మార్కు తగ్గుతుంది. అది తెలివి తక్కువై కాదు, ప్రశ్న అర్థం కాక. ఆ మార్కు పట్టుకుని ‘మానసిక ఎదుగుదల లేదు’ అని రాసేస్తే ఆ ముద్ర జీవితాంతం వెంటాడుతుంది.

సుగ్గి సంగతీ అంతే. పనుల్లేని రోజుల్లో కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు నుంచి కుటుంబాలు గుంటూరు మిరప చేలకు వలస పోతాయి. కొందరు పిల్లలు వెంట పోతారు, కొందరు అవ్వాతాతల దగ్గర మిగులుతారు. ముభావంగా ఉన్న పిల్లను చూసి జబ్బు పేరు పెట్టే ముందు ‘మీ అమ్మ ఎప్పుడొస్తాది?’ అని అడగాలన్న సంగతి ఇక్కడి వాళ్లకే ముందు తడుతుంది. ఈ వృత్తిలో పల్లె నుంచి వచ్చినవాళ్లకు ఇదే పెద్ద ప్లస్.

అవసరం ఎంత? నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో 13-17 ఏళ్ల పిల్లల్లో దాదాపు 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. అన్ని వయసుల వాళ్లనూ కలిపి చూస్తే చాలా రుగ్మతల్లో 70 శాతానికి పైగా మందికి చికిత్సే అందడం లేదు.

ఆ రూల్ ఏంటంటే..

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఎంఏ సైకాలజీ ఒక్కటే చేస్తే క్లినికల్ సైకాలజిస్ట్ అయిపోరు. రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ గుర్తించిన కోర్సు చేయాలి. ఇన్నాళ్లూ ఆ కోర్సు రెండేళ్ల ఎంఫిల్. కొత్త విద్యా విధానంలో ఎంఫిల్‌నే ఎత్తేశారు. క్లినికల్ సైకాలజీకి మాత్రం యూజీసీ 2025-26 విద్యా సంవత్సరం వరకు గడువిచ్చింది. ఈలోగా ఆర్‌సీఐ బీఎస్సీ ఆనర్స్, ఎంఏ, సైడీ అనే కొత్త క్లినికల్ సైకాలజీ కోర్సులు తెచ్చింది. ఏ కోర్సుతో ఏ హోదాలో రిజిస్ట్రేషన్ వస్తుందో ఫీజు కట్టే ముందే ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి.

ఇంకో ముఖ్యమైన మార్పు. ‘ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో ఎంఏ సైకాలజీ లాగించేద్దాం’ అనుకునే వాళ్లకు ఆ దారి మూసుకుపోయింది. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పొద్దని యూజీసీ ఆదేశించింది. అంటే రెగ్యులర్ కాలేజీనే గతి. తిరుపతి ఎస్వీయూ, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీల్లో సైకాలజీ విభాగాలున్నాయి. పై శిక్షణకు బెంగళూరు నిమ్హాన్స్‌కు పేరుంది కానీ సీటు కష్టం, ఎంట్రన్స్ రాయాలి.

లెక్కేస్తే ఇంటర్ తర్వాత ఏడెనిమిదేళ్లు. పత్తి మీదో, మగ్గం మీదో బతికే ఇంటికి ఇది చిన్న మాట కాదు. చదువయ్యాక జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో, పిల్లల లోపాల్ని ముందే గుర్తించే డీఈఐసీ కేంద్రాల్లో, ఆసుపత్రుల్లో, స్పెషల్ స్కూళ్లలో పోస్టులుంటాయి. ప్రభుత్వ పథకాల్లోవి చాలావరకు కాంట్రాక్టువే. అన్నేళ్లు ఆగలేని వాళ్లు ఆర్‌సీఐ గుర్తింపున్న స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి మండలాల్లోని భవిత కేంద్రాల తరహా చోట్ల పనిచేయొచ్చు. ఆ పనీ పిల్లలతోనే.

తల్లిదండ్రులకూ ఓ మాట. పరీక్షలంటూ డబ్బులు తీసుకునే ముందు ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. చెప్పడానికి తడబడితే వెనక్కి వచ్చేయొచ్చు. పిల్లలు చనిపోతామని అంటున్నా, తమను తాము గాయపరుచుకుంటున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. వాళ్లను ఒంటరిగా వదలకుండా దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. టెలీ మానస్ నంబర్ 14416, పిల్లల హెల్ప్‌లైన్ 1098. రెండింటికీ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.