ఘ్రాణశక్తికి కాంతి చికిత్స

పోపు మాడినా, వంటగ్యాసు కారినా ముందుగా హెచ్చరించేది ముక్కే. 2020లో కోవిడ్ సోకిన పలువురికి ఆ కావలి కరువైంది. కొందరికి ఏళ్లు గడిచినా తిరిగి రాలేదు. వైరస్ ప్రధానంగా దెబ్బతీసేది ఘ్రాణ నాడీకణాలను కాదు, వాటిని పోషించే ఆధార కణాలను. రుచి పోయిందనిపించడానికి కూడా తరచుగా ఘ్రాణలోపమే కారణం.

ముక్కులోనికి ఎరుపు, పరారుణ కాంతిని ప్రసరింపజేసే చికిత్సపై ఆశలున్నాయి. ఆ కాంతిని మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ గ్రహించి కణశక్తిని పెంచుతుందని ఒక ప్రతిపాదన. అయితే జరిగిన పరీక్షలు చిన్నవి. ప్రయోజనం ఇంకా రుజువు కాలేదు.

ఇంతకంటే ఆధారమున్నది ఘ్రాణాభ్యాసం. 2009లో డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ బృందం గులాబి, నీలగిరి, నిమ్మ, లవంగ పరిమళాలను రోజుకు రెండుసార్లు చొప్పున 12 వారాలు వాసన చూపించగా కొందరిలో మెరుగుదల కనిపించింది. ఘ్రాణకణాలకు పునరుత్పత్తి శక్తి ఉంది, కావలసింది ఓర్పు. అంతవరకు వంటింట గ్యాస్ డిటెక్టరే కావలి.