ఉక్కు కొలిమికి కనిపించని ప్రహరీ

2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్‌కు సెయిల్ దాదాపు 30 వేల టన్నుల ప్రత్యేక ఉక్కు సరఫరా చేసింది. దాన్ని తయారు చేసిన కర్మాగారాల్లో ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఒకటి. సోవియట్ సాయంతో వెలసిన ఆ ప్లాంటులో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. అప్పట్లో భద్రత అంటే ప్రహరీ, గేటు, కాపలా. ఇప్పుడు అలాంటి పరిశ్రమలకు అవి చాలవు.

ఇది ఊహాజనిత భయం కాదు. జర్మనీలోని ఒక ఉక్కు కర్మాగారంలో దుండగులు మోసపు ఈమెయిళ్లతో ఆఫీసు నెట్‌వర్క్‌లోకి, అక్కడి నుంచి ఉత్పత్తి నెట్‌వర్క్‌లోకి చొరబడ్డారు. బ్లాస్ట్ ఫర్నేస్‌ను సవ్యంగా ఆపలేక భారీ నష్టం జరిగిందని ఆ దేశ సమాచార భద్రతా సంస్థ 2014 నివేదికలో వెల్లడించింది. 2022 జూన్‌లో ఇరాన్‌లోని ఖుజెస్తాన్ ఉక్కు సంస్థ కూడా సైబర్ దాడికి గురైంది.

ఆఫీసుకూ కొలిమికీ మధ్య ఉండాల్సిన గోడను, పరిశ్రమలు క్లౌడ్‌కు మారేకొద్దీ అక్కడా కట్టాలి. చిక్కేమిటంటే, క్లౌడ్‌లో ఒకే సర్వర్‌పై ఎన్నో సంస్థల పనులు నడుస్తాయి; తీగలూ ఉమ్మడివే. వాటిని వేరుచేసేది సాఫ్ట్‌వేర్. ఒక సంస్థ పంపే ప్రతి డేటా ప్యాకెట్‌ను అది మరో కవరులో పెట్టి, పైన ఆ సంస్థ నెట్‌వర్క్ సంఖ్య వేస్తుంది. ఇద్దరు ఖాతాదారులు 10.0.0.5 అనే ఒకే చిరునామా వాడినా ఉత్తరాలు తారుమారు కావు. పాత వీలాన్ పద్ధతిలో ఇలాంటి విభజనలు 4,094కే పరిమితం. వీఎక్స్‌లాన్‌లో కోటీ 67 లక్షల పైచిలుకు సాధ్యం.

ఆ ఆవరణలో మళ్లీ గదులుంటాయి. అవే సబ్‌నెట్లు. ఏ గది నుంచి ఎటు దారో రూట్ టేబుల్ చెబుతుంది; ఎవరిని లోపలికి రానివ్వాలో సెక్యూరిటీ గ్రూప్ తేలుస్తుంది. ఇంటర్నెట్‌కు దారే రాయని సబ్‌నెట్‌ను బయటివాడు నేరుగా చేరలేడు.

ఇవన్నీ ఎవరో టైపు చేసిన నియమాలే, ప్రమాదమూ అక్కడే. భవనాన్ని, ఖాతాల మధ్య విభజనను క్లౌడ్ సంస్థ చూసుకుంటుంది. తలుపుల నియమాలు రాసేది ఖాతాదారే. 2019లో అమెరికా బ్యాంకు క్యాపిటల్ వన్ ఫైర్‌వాల్ అమరికలో లోపం వల్ల పది కోట్ల మందికి పైగా వివరాలు బయటికి పోయాయి. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లో క్లౌడ్ కేంద్రాలు తెరిచింది. డేటా దేశంలోనే ఉండటం మంచిదే. కానీ నియమం తప్పు రాస్తే, సర్వర్ హైదరాబాద్‌లో ఉన్నా అమెరికాలో ఉన్నా ఒకటే.

కొలిమి వేడి ఎంతో క్లౌడ్‌కు తెలియవచ్చు. కొలిమికి ఆదేశం మాత్రం క్లౌడ్ నుంచి రాకూడదు. అందుకే కీలక ప్లాంట్లలో డేటా డయోడ్ అనే పరికరం అమరుస్తారు. అందులో సమాచారం బయటికే వెళుతుంది, తిరిగి వచ్చే దారి హార్డ్‌వేర్‌లోనే ఉండదు.