ప్లాను గీసేముందు ఆమెను అడగండి!

కాలనీలో కొత్తగా పార్కు వేశారు. చుట్టూ ప్రహరీ, మధ్యలో పచ్చగడ్డి, ఓ మూల ఊయల. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ గేటు ఒక్కటే. ఆ గేటు దగ్గరే కుర్రాళ్లు గుంపుగా కూచుంటారు. చీకటి పడితే లోపల లైటు వెలగదు. మీ అమ్మాయిని అక్కడికి ఒంటరిగా పంపుతారా?

బస్టాపు చూడండి. నీడ ఉంది, బెంచీ ఉంది. కానీ చంటిబిడ్డను చంకనేసుకుని, కూరగాయల సంచీ పట్టుకుని రోడ్డు దాటి అక్కడికి చేరేదెలా? మధ్యలో డివైడరు అడ్డం. దాటే దారేమో ఫర్లాంగు అవతల. ఇక బజారు సంగతి చెప్పనే అక్కర్లేదు. రెండు గంటలు తిరిగినా ఆడవాళ్లకు మరుగుదొడ్డి కనిపించదు. అందుకే బయల్దేరేముందు గ్లాసుడు మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లే అలవాటు మనలో ఎంతమందికి లేదు!

ఇవన్నీ కట్టించినవాళ్లు మన మీద పగబట్టి కట్టలేదు. వాళ్లకు తెలియదు, అంతే. రోజూ ఆ దారిన నడిచేవాళ్లకు తెలుసు. కానీ వాళ్లను ఎవరూ అడగలేదు. కట్టేముందు, ఇంకా కాగితం మీద ఉన్నప్పుడే వాళ్లను అడిగితే ఏమవుతుంది? అడిగిన చోట్ల ఏమయిందో చూద్దాం. ముందు ముంబై ఫుట్‌పాత్‌ల మీదికి వెళదాం.

చీరతో కొలిచిన ఇల్లు

ముంబైలో బైకుల్లా ప్రాంతం. దశాబ్దాల తరబడి అక్కడి ఫుట్‌పాత్‌ల మీదే కాపురాలు చేసిన కుటుంబాలు ఎన్నో. గోనెపట్టాలు, అట్టముక్కలు, పాత రేకులే వాళ్లకు గోడలు. మునిసిపాలిటీ బండి వచ్చిందంటే వంటగిన్నెలతో సహా పోయేవి. 1985లో సుప్రీంకోర్టు ఓల్గా టెల్లిస్ కేసులో తీర్పు చెప్పింది. బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనంది. కానీ నోటీసు ఇచ్చి ఫుట్‌పాత్‌లను ఖాళీ చేయించే అధికారం మునిసిపాలిటీకి ఉందని కూడా చెప్పింది. అంటే ఇవాళ కాకపోతే రేపు గూడు పోతుందన్నమాట.

అప్పటికి ఏడాది ముందు, 1984లో, ముంబైలో స్పార్క్ అనే స్వచ్ఛంద సంస్థ మొదలైంది. ఈ ఫుట్‌పాత్ కుటుంబాలు ఏ లెక్కల్లోనూ సరిగా లేవని వాళ్లు గమనించారు. లెక్కలో లేనివాళ్లకు ఇల్లెవరిస్తారు? ఫుట్‌పాత్‌వాసులను కలుపుకుని 1985లో దాదాపు 6,000 కుటుంబాల వివరాలు రాశారు. ఎక్కణ్ణించి వచ్చారు, ఏం పని చేస్తున్నారు, ఎన్నేళ్లుగా ఉంటున్నారు అన్నీ అందులో చేరాయి. ఆ నివేదికకు 'మేము, కనిపించనివాళ్లం' అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు.

ఆ తర్వాత అక్కడి ఆడవాళ్లంతా కలిసి 'మహిళా మిలన్' అని సంఘం పెట్టుకున్నారు. చాలామందికి చదువు రాదు. అయినా పొదుపు మొదలెట్టారు. పాసుపుస్తకం చదవలేరు కాబట్టి రంగుకాగితాల ముక్కలతో లెక్క పెట్టుకున్నారు. ఒక్కో మొత్తానికి ఒక్కో రంగు. ప్లాస్టిక్ సంచిలో ఎన్ని రంగు ముక్కలుంటే అంత పొదుపు! ఇంట్లో జబ్బు చేసినా, పని దొరకకపోయినా అందులోంచే అప్పు.

పొదుపు కుదిరాక అసలు ప్రశ్న వచ్చింది. 'మనకు ఇల్లే ఇస్తే, అదెలా ఉండాలి?' అప్పటిదాకా ఆ మాట వాళ్లను అడిగినవాళ్లే లేరు. ఇంజనీర్ల ప్లాను వాళ్లకు అర్థం కాదు. కాగితం మీద పది అడుగులంటే ఎంతో ఊహకందదు. కానీ కట్టుకున్న చీర పొడవెంతో తెలియని ఆడదెవరు? చీరల్తోనే గది పొడవు, వెడల్పు కొలుచుకున్నారు. కర్రలు పాతి, గుడ్డలు కట్టి నిజమైన ఇంటంత నమూనాలు నిలబెట్టారు. లోపలికెళ్లి పడుకుని చూశారు. పొయ్యి ఎక్కడ, సామాను ఎక్కడ, పెద్దలు ఎక్కడ, పిల్లలు ఎక్కడ అని నలుగురూ వాదించుకున్నారు.

చివరికి వాళ్లు తేల్చిన ఇంటి ఎత్తు 14 అడుగులు. మామూలు గదికంటే ఎక్కువ. ఎందుకంటారా? జాగా తక్కువ కాబట్టి, పైన సగం మేర మనిషి మసిలే అటక వేసుకోవచ్చు. కింద వంట, పగటి పని, వచ్చేపోయే జనం. పైన పడక, పిల్లల చదువు. ఒకే నేల మీద రెండు గదులన్నమాట. గుడిసెలో కాపురం చేసిన ఇల్లాలికి ఇది లోకజ్ఞానం. ఆ నమూనా ఇళ్లను ఊరందరూ చూడాలని ప్రదర్శనగా పెట్టారు. అధికారులూ వచ్చి చూశారు. పేదలు ఇల్లు అడగడం వాళ్లకు తెలుసు. ఇంటి నమూనా పట్టుకుని పేదలు ఎదురుగా నిలబడటం మాత్రం కొత్త.

ఇదేదో సినిమా కథలా ఆర్నెల్లలో సుఖాంతమైందనుకోకండి. మహారాష్ట్ర ప్రభుత్వం ఫుట్‌పాత్‌వాసులకు కూడా ప్రత్యామ్నాయ ఇల్లు పొందే అర్హత ఉందని ఒప్పుకోవడానికి 1995 దాకా పట్టింది. ఆ తర్వాత మాన్‌ఖుర్ద్ వైపు 'మిలన్ నగర్' పేరుతో ఇళ్లు లేచాయి. చాలామంది చేతికి తాళంచెవి వచ్చేసరికి కాలం ఎంతో గడిచిపోయింది. కానీ ఆ లోపల వాళ్లు ఊరికే ఎదురుచూస్తూ కూచోలేదు. పొదుపు చేశారు, కొలతలు నేర్చారు, ఆఫీసుల మెట్లెక్కడం నేర్చారు. ఇతర ఊళ్ల బస్తీల ఆడవాళ్లకూ నేర్పారు.

చంటిపిల్లల మాట ఎవరికి గుర్తుంటుంది?

ముంబై నుంచి పుణె పెద్ద దూరం కాదు. ఈ సంఘాల అనుభవం 1999లో పుణె మునిసిపల్ కార్పొరేషన్‌కు అక్కరకొచ్చింది. అప్పటి కమిషనర్ రత్నాకర్ గైక్వాడ్ బస్తీల్లో సామూహిక మరుగుదొడ్లు కట్టే పనిని మామూలు కాంట్రాక్టర్లకు కాకుండా స్వచ్ఛంద సంస్థలకు అప్పగించారు. ఖర్చు కార్పొరేషన్‌ది. కట్టడం, తర్వాత నడపడం బస్తీవాళ్లను కలుపుకుని సంస్థలు చూసుకోవాలి. రెండేళ్లలో 400కు పైగా మరుగుదొడ్ల సముదాయాలు లేచాయి. వాటిలో కొన్నిటికి మహిళా మిలన్ ఆడవాళ్లే కాంట్రాక్టు తీసుకుని దగ్గరుండి కట్టించారు.

ఆడవాళ్ల మాట వింటే కట్టడం ఎలా మారుతుందో అక్కడ చూడాలి. పాత మరుగుదొడ్లలో ఆడా మగా ఒకే వరుసలో నిలబడేవాళ్లు. పనికెళ్లే తొందరలో మగవాళ్లు ముందుకు తోసుకొచ్చేవాళ్లు. కొత్తవాటిలో దారులే వేరు చేశారు. బిందెతోనో బక్కెట్టుతోనో వచ్చే మనిషికి రెండు చేతులూ ఖాళీ ఉండవు కదా, అందుకని లోపలికీ బయటికీ తెరుచుకునే తలుపులు పెట్టారు. గాలీ వెలుతురూ వచ్చేలా చూశారు. నీళ్ల ట్యాంకు కట్టారు.

అన్నిటికంటే ముఖ్యం పిల్లల సంగతి. పెద్దల మరుగుదొడ్డి చీకటిగా ఉంటుంది, గుంట పెద్దది. చిన్నపిల్లలు భయపడి ఏడుస్తారు. క్యూలో వాళ్లను పెద్దలు పక్కకు నెట్టేస్తారు. దాంతో కాలువ గట్టే వాళ్లకు గతి. ఆ మురికి మళ్లీ విరేచనాలై ఆ ఇంటికే వస్తుంది. అందుకని పిల్లలకు వేరేగా చిన్న దొడ్లు కట్టారు. గుంట చిన్నది, పట్టుకోవడానికి కడ్డీ, తల్లి కంటికి కనిపించేంత తెరిపి. ఇది ఏ ఇంజనీరింగు పుస్తకం చూసి రాసింది కాదు. పిల్లాణ్ణి చెయ్యిపట్టుకుని రోజూ తీసుకెళ్లే తల్లి చెప్పింది.

శుభ్రం చేసే మనిషి కుటుంబానికి అక్కడే ఒక గది కట్టిచ్చారు. కుటుంబానికి నెలకు 20 రూపాయల పాసు పెట్టారు. ఆ డబ్బుతోనే నిర్వహణ. పాసు కట్టే ఇల్లాలు, దొడ్డి మురిగ్గా ఉంటే ఊరుకుంటుందా? నిలదీస్తుంది. అయితే నీళ్లు రాకపోయినా, కరెంటు పోయినా ఎంత మంచి కట్టడమైనా పాడుపడుతుంది. కాబట్టి కట్టడంలోనే కాదు, ఆ తర్వాతా మాట చెల్లాలి.

ఆగకుండా రాసిన ఆడవాళ్లు

ఇది బీదరికం ఉన్నచోటే అవసరమనుకుంటే పొరపాటు. ఆస్ట్రియా రాజధాని వియన్నా సంగతి వినండి. ఎంతో సంపన్న నగరం. 1999లో అక్కడి అధికారులు నగరంలోని 9వ జిల్లా ప్రజలను బస్సులు, రైళ్లు ఎందుకు, ఎన్నిసార్లు ఎక్కుతున్నారని అడిగారు. మగవాళ్లు చాలామంది అయిదు నిమిషాల్లో ఫారం నింపేశారు. పొద్దున పనికి, సాయంత్రం ఇంటికి, అంతే. ఆడవాళ్లు మాత్రం రాస్తూనే ఉన్నారు. పిల్లలు బడికి, పెద్దావిడ ఆస్పత్రికి, దార్లో కూరలు, మళ్లీ పని, మళ్లీ బడి. అందులో నడక ఎక్కువ. మన ఇళ్లల్లో వేరుగా ఉందంటారా?

అప్పుడు తెలిసింది వాళ్లకు. దారులన్నీ ఒకే రకం మనిషిని ఊహించుకుని వేస్తున్నామని. ఆ తర్వాత ఫుట్‌పాత్‌లు వెడల్పు చేశారు, దీపాలు పెంచారు, మెట్లున్నచోట పిల్లల బండి నడిచేలా వాలుదారి వేశారు.

అదే నగరంలో పార్కుల సంగతి ఇంకా ఆలోచింపజేసేది. తొమ్మిదేళ్లు దాటాక ఆడపిల్లలు పార్కులకు రావడం బాగా తగ్గిపోతోందని పరిశీలనలో తేలింది. మగపిల్లలు మాత్రం వస్తూనే ఉన్నారు. మైదానం ఒక్కటే అయితే బంతాట కుర్రాళ్లు దాన్ని ఆక్రమించుకుంటారు. ఆడపిల్లలు పోట్లాడరు, మెల్లగా తప్పుకుంటారు. 1999లో రెండు పార్కులను మార్చారు. నడకదారులు పెంచారు. ఒక్క మైదానాన్ని చిన్న చిన్న భాగాలు చేశారు. వాలీబాల్, బాడ్మింటన్‌లకు చోటు పెట్టారు. ఆడపిల్లలు తిరిగొచ్చారు. కుర్రాళ్లను ఎవరూ వెళ్లగొట్టలేదు. చోటు పంచారు, అంతే!

అంతకుముందే, 1997లో, అక్కడ 357 ఇళ్ల కాలనీ ఒకటి పూర్తయింది. దాన్ని గీసినవాళ్లు నలుగురు మహిళా ఆర్కిటెక్టులు. పిల్లలాడుకునే పెరడు, కాలనీలోనే శిశువిహార్, ప్రతి అంతస్తులో పిల్లల బండి పెట్టుకునే చోటు. వంట చేసే తల్లికి కిటికీలోంచి ఆడుకునే పిల్లలు కనిపించాలన్నది వాళ్ల ఆలోచన.

మరి మన దగ్గరో?

ఈ ఆలోచన మనకేం కొత్త కాదు. 1967లోనే హైదరాబాద్‌లో పట్టణ సామాజికాభివృద్ధి పథకం మొదలైంది. బస్తీవాళ్లతో కూచుని వాళ్లకేం కావాలో తెలుసుకుని పనులు చేయించడం దాని పద్ధతి. చట్టం కూడా మన పక్షానే ఉంది. 1993 జూన్ 1న అమల్లోకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలక సంస్థల్లో మూడోవంతు స్థానాలు మహిళలకు కేటాయించింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో అది సగానికి పెరిగింది. 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న ఊళ్లలో వార్డు కమిటీలు ఉండాలని కూడా అదే సవరణ చెబుతోంది. తెలంగాణ 2019 మునిసిపల్ చట్టమైతే ప్రతి వార్డులో వేసే కమిటీల్లో ఒకటి ప్రత్యేకంగా మహిళలదని రాసింది.

కానీ కుర్చీ దొరకడం వేరు, మాట చెల్లడం వేరు. కౌన్సిలరుగా గెలిచిన ఆమె బదులు ఆయన మాట్లాడే ఊళ్లు మనకు తెలియనివా? కమిటీ కాగితం మీద ఉండి, సమావేశమే జరగని వార్డులు మనం చూడలేదా? పెద్ద ప్లాను ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలుంటే చెప్పమంటారు. ఎప్పుడు ప్రకటించారో, ఎప్పుడు గడువు ముగిసిందో సగం ఊరికి తెలియదు. రోడ్డు వెడల్పుకు ఇంటి గోడ మీద ఎర్ర గుర్తు పడ్డాకే తెలుస్తుంది. అప్పుడు ఏడ్చి లాభమేముంది? సుద్దముక్కతో గీసిన గీత చెరపడం తేలిక. సిమెంటుతో పోసినది చెరపడం ఎవరి తరం?

మీ వీధి నుంచే మొదలెట్టండి

నలుగురైదుగురు కలిసి సాయంత్రం చీకటి పడ్డాక మీ వీధిలో ఓసారి నడవండి. కాలేజీ పిల్ల ఒకరు, పెద్దావిడ ఒకరు, మీ ఇళ్లల్లో పనికొచ్చే అమ్మ ఒకరు తప్పకుండా ఉండాలి. ఒకరికి కనిపించనిది ఇంకొకరికి కనిపిస్తుంది. ఎక్కడ దీపం లేదు, ఎక్కడ కాలువకు మూత లేదు, ఎక్కడ భయమేస్తుంది అన్నీ రాసుకోండి. కెనడాలోని టొరంటోలో ఒక మహిళా సంస్థ 1989లో ఈ నడక పద్ధతిని తయారుచేసింది. తర్వాత ఎన్నో దేశాల్లో వాడారు. దీనికి పైసా ఖర్చు లేదు.

తర్వాత మీ వీధి బొమ్మ గీయండి. అందంగా ఉండక్కర్లేదు. ముగ్గు వేసే చేతికి ఇదో లెక్కా? కుళాయి, బడి, బస్టాపు, చీకటి మూల గుర్తుపెట్టండి. కష్టం చెప్పి ఊరుకోకుండా, ఎక్కడ ఏం కావాలో కూడా రాయండి. 'లైట్లు లేవు' అనేకంటే 'ఫలానా స్తంభం నుంచి ఫలానా మలుపు దాకా రెండు లైట్లు కావాలి' అంటే అధికారికీ పని తేలిక.

ఆ కాగితం మీద అందరూ సంతకాలు పెట్టి మునిసిపాలిటీలో ఇచ్చి రసీదు తీసుకోండి. నకలు కౌన్సిలరుకు ఇవ్వండి. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. మీ వార్డుకు ఏ పనులు మంజూరయ్యాయి, ఎంత డబ్బు, ప్లాను ఎలా ఉంది అని అడగొచ్చు. పని మొదలవకముందే అడగడం ముఖ్యం.

ఒక్క మాట మాత్రం మర్చిపోవద్దు. మన కాలనీ పార్కు బాగుండాలని అడిగేటప్పుడు, ఆ పక్క గుడిసెల్లోవాళ్లకు కుళాయి ఎక్కడుండాలో వాళ్లనూ అడగాలి. వాళ్ల తరఫున మనం నిర్ణయించేస్తే, ఇన్నాళ్లూ మన విషయంలో జరిగిన తప్పే మనమూ చేసినట్టు.

ఇంట్లో పోపులపెట్టె ఏ అరలో ఉండాలో వంట చేసేవాళ్లే చెప్పగలరు. ఊరూ అంతే. ఈసారి మీ వార్డులో ఎవరైనా టేపు పట్టుకుని కొలతలు తీస్తుంటే కిటికీలోంచి చూసి ఊరుకోకండి. గుమ్మం దిగి వెళ్లి, 'ఇక్కడేం కడుతున్నారండీ? ప్లాను ఓసారి చూపిస్తారా?' అని అడగండి.